పొరుగింటి విపత్తు - కర్మసిద్ధాంతము

కర్మసిద్ధాంతము భారతీయుల తత్త్వచింతనకు మూలస్తంభము. చేసిన కర్మము ఫలింపక పోదనియు, చేయని కర్మమునకు ఫలము రాదనియు విశ్వసించిన జాతి దుఃఖమును ధైర్యముతో సహింప నేర్చినది. తన జీవితమునకు తానే కర్త యను జ్ఞానము ఈ సిద్ధాంతము వలన మానవునకు కలుగుచున్నది; దైవమును నిందించు దౌర్బల్యము తొలగుచున్నది. కాని ఇంటికి వెలుగునిచ్చు దీపమే చూరునకు తగిలినచో ఇంటిని దహించును. 'ఇది నా కర్మము' అని ఒకడు తన కష్టమును గూర్చి తలపోయుట యొకటి. 'ఇది వాని కర్మము' అని పొరుగువాని కష్టమును గూర్చి పలుకుట వేరొకటి. మాట ఒక్కటే. పలుకువాడు నిలిచిన చోటు మారగనే ఆ మాట ధర్మము నుండి అధర్మమునకు జారిపోవుచున్నది. ఎట్లు జారుచున్నదో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ప్రశాంతమైన దినములలో ఏ సిద్ధాంతమైనను అందముగనే కానవచ్చును. ఆపత్కాలమే దానికి ఒరగల్లు. అట్టి ఒరగల్లు యొకటి తెలుగువారికి సుపరిచితమైన రంగూన్ నగర చరిత్రలో లభించుచున్నది. 1941 డిసెంబరు మొదలు 1945 ఏప్రిల్ వరకు ఆ నగరముపై ఇరుపక్షముల విమానములును బాంబులు కురిపించినవి. మొదట జపాను విమానములు వచ్చినవి. జపాను సేన నగరము నాక్రమించిన పిదప బ్రిటిషు, అమెరికా విమానములు వచ్చినవి. పాలకులు మారిరి, విమానముల రెక్కలపై గుర్తులు మారినవి, క్రిందనున్న గృహస్థు మాత్రము మారలేదు. అతని తల మీది ఆకాశము ఒక్కటే.

నగరము, నివాసులు

1931 జనాభా లెక్కలనాటికి రంగూన్‌లో సుమారు 4 లక్షల మంది నివసించుచుండిరి. అందు సగమునకు పైగా భారతీయులు. వారిలో తెలుగువారి సంఖ్య గణనీయము. గోదావరి ముఖమునగల కోరంగి రేవు పేరుతో వారిని బర్మావారు 'కోరంగీలు' అని వ్యవహరించెడివారు. కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి ఓడలెక్కి సముద్రము దాటిపోయిన ఈ శ్రామికులు రంగూన్ నౌకాశ్రయమున బస్తాలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. ఇరుకు గదులలో పదిమంది, ఇరువదిమంది కలిసి బస చేసి, మిగిల్చిన నాలుగు రూపాయలు ఇంటికి పంపిరి.

ఇరుగుపొరుగుల నడుమ స్నేహమే యుండెనని చెప్పుటకు వీలులేదు. 1930 మే మాసమున తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేయగా, యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె పరిష్కారమైన వెంటనే ఆ బర్మావారిని వెడలగొట్టిరి. దాని ఫలితముగ చెలరేగిన కల్లోలమున అనేకులు హతులైరి. పేదవాని ఆకలిని పేదవాని మీదికే ఉసికొల్పినవారు క్షేమముగ నుండిరి. 1938 లో మరల కల్లోలము రేగెను. ఇట్లు ఒకరినొకరు అనుమానించుకొనుచు జీవించు జనుల మీదికి యుద్ధము వచ్చినది.

1941 డిసెంబరు 23 వ తేదీన జపాను విమానములు మొదటిసారి రంగూన్‌పై బాంబులు వైచినవి. వైమానిక దాడి యెట్టిదో ఆ జనులెరుగరు. ఆకాశమున విమానములు పోరుచుండగా దానిని వింతగ చూచుటకు వీథులలో గుంపులు గుంపులుగ నిలిచిరి. వేయికి మించినవారు ఆ యొక్క దినముననే ప్రాణములు కోల్పోయిరి. డిసెంబరు 25 న రెండవ దాడి జరిగెను. రేవుకూలీలు ప్రాణభీతితో నగరమును విడిచిపోయిరి. రేవులో పని స్తంభించినది. 1942 మార్చి 8 వ తేదీన జపాను సేన ప్రవేశించునాటికి నగరము దాదాపు నిర్మానుష్యమై యుండెను.

బర్మాలోని భారతీయులలో నాలుగైదు లక్షలమంది స్వదేశమునకు ప్రయాణమైరి. పలువురు కొండలను, అడవులను కాలినడకను దాటిరి. త్రోవలో విషజ్వరములకును, కలరాకును, ఆకలికిని వేలకొలది బలియైరి. అదే సంవత్సరము ఏప్రిల్ 6 వ తేదీన విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వైచుటచే, రంగూన్ వార్తలు తెలుగుతీరమునకు పరదేశపు వార్తలు కాకపోయినవి.

ఆక్రాంత నగరమున దినచర్య

పోలేనివారును, త్రోవ సగమునుండి మరలినవారును నగరమున మిగిలిరి. మెల్లమెల్లగ అంగళ్లు తెరువబడినవి. పిల్లలు పుట్టిరి, పెండ్లిండ్లు జరిగినవి, వృద్ధులు మరణించిరి. జీవితము ఆగునది కాదు. కాని దాని స్వరూపము మారిపోయినది. జపాను సైనికాధికారులు ముద్రించిన రూపాయి నోట్లు చలామణియైనవి. ముద్రించినకొలది వాని విలువ క్షీణించినది. బర్మాకు బట్ట పరదేశములనుండి రావలసియుండెను. ఓడలు లేవు గనుక బట్ట దొరకుట గగనమైనది. నూనె, సబ్బు, అగ్గిపెట్టెలు, మందులు కరవైనవి. ఒక సూది, ఒక దారపుఉండ గృహిణికి నిధివలె నయ్యెను.

ఇంటి ప్రక్కనో వీథి చివరనో ఒక కందకము. సైరను మ్రోగగనే పొయ్యిమీది అన్నమును విడిచి, బిడ్డ నెత్తుకొని అందులోనికి దిగవలెను. రాత్రులందు దీపము బయటికి కనబడరాదు. అంతకన్న విచిత్రమైన దుఃఖ మొకటి కలదు. వెన్నెల రాత్రులందు విమానములకు దారి స్పష్టముగ కానవచ్చును. కావున తల్లి బిడ్డకు చూపి గోరుముద్దలు తినిపింపవలసిన చందమామయే ఆ నగరమున భయకారణమైనాడు.

ఆకాశమునుండి ఒక భయము కాగా, నేలమీద వేరొక భయము. కెంపెతాయ్ అను జపాను సైనిక రక్షకభటుల పేరు వినినంతనే జనులు కంపించెడివారు. పొరుగువాడు ఏదో చెప్పినాడన్న మాత్రమున ఒక మనుష్యుడు రాత్రికి రాత్రి అదృశ్యుడు కావచ్చును. బర్మానుండి సయామునకు రైలుమార్గము వేయుటకై 'చెమట సైన్యము' అను పేరిట గ్రామగ్రామమునుండి మనుష్యులను తోలుకొనిపోయిరి. 415 కిలోమీటర్ల ఆ మార్గము 1943 అక్టోబరున పూర్తియగునప్పటికి పదులవేల ఆసియా కూలీలు దాని ప్రక్కన మట్టిలో కలిసిపోయిరి. 1943 ఆగస్టు 1 న డాక్టర్ బా మా నాయకత్వమున బర్మాకు స్వాతంత్ర్యము ప్రకటింపబడినది. కాని అధికారము సైన్యము చేతిలోనే నిలిచినది.

ఆకాశమున వచ్చెడి విమానములు ఎవరివి? ఈ పాలనను తొలగింపగోరువారివి. భారతదేశపు స్థావరములనుండి ఎగిరివచ్చి రంగూన్ రేవును, మల్వాగన్ రైలు యార్డును, ఇన్సేన్ కర్మాగారమును లక్ష్యము చేసికొన్న ఆ భారీ విమానములలో ఒక జాతి పేరు 'లిబరేటర్', అనగా విమోచకుడు. విమోచనమును కోరువాడు ఆ విమానముల రాకను కోరవలెను. కాని అవి వచ్చిన రాత్రి తన బిడ్డలు కందకమున వణకవలెను. రైలుయార్డు ప్రక్కనున్నవారి ఇండ్లు కూలవలెను. ఎంత యెత్తునుండి విడిచిన బాంబునకును కూలివాని గుడిసెకును సైనికుని గిడ్డంగికిని భేదము తెలియదు. ఇట్టి స్థితిలో గృహస్థుడు ఏమని ప్రార్థించును?

'ఈ బాంబు మన యింటిపై పడకుండుగాక' అని ప్రార్థించును. ఇది సహజము. ఎవరును నిందింపదగినది కాదు. కాని విడువబడిన బాంబు ఎక్కడనో పడితీరవలెను. మన యింటిపై పడనిది వేరొక యింటిపై పడును. తెల్లవారి కందకమునుండి వెలికివచ్చి, తన యిల్లు నిలిచియుండుటను, వీథి చివరి యిల్లు కూలియుండుటను చూచినవాడు ఏమనవలెను? ఆ క్షణమున నోట వచ్చు మాటయే అతని ధర్మజ్ఞానమునకు పరీక్ష.

'వారి కర్మము' అను మాట

ఆ క్షణమున హిందువు నోటికి సులభముగ వచ్చు మాట: 'వారి కర్మము'. కమ్మము అను పేరుతో ఈ సిద్ధాంతమునే నమ్ము బర్మా బౌద్ధుని నోటికిని అదే మాట వచ్చును. ఇరువురి మతములు వేరైనను ఈ మాటలో ఇరువురును బంధువులు. ఆ మాట వెనుక దాగియున్న మనోవృత్తులు మూడు.

మొదటిది భయము. కారణము లేకయే మృత్యువు పొరుగింటికి వచ్చినచో రేపు తన యింటికిని రావచ్చును. ఈ ఆలోచన దుస్సహము. మృతులకు ఏదో పూర్వపాప ముండెనని తలచినచో మనసు కుదుటబడును. తనకట్టి పాపము లేదు కాబోలునని లోలోపల ఒక ఆశ చిగురించును. యక్షుడు ఆశ్చర్యకరమైన దేదియని ప్రశ్నింపగా, నిత్యము ప్రాణులు మరణించుచుండుట చూచుచును మిగిలినవారు తాము శాశ్వతులమని తలచుటయే గొప్ప ఆశ్చర్యమని ధర్మరాజు సమాధానము చెప్పెను. బాంబులు పడు నగరమున ఆ ఆశ్చర్యము ప్రతి ఉదయమునను కనబడును. ఆ భ్రమకు 'వారి కర్మము' అను మాట శాస్త్రపు ముసుగు వేయుచున్నది.

రెండవది బద్ధకము. కూలిన గోడల క్రింద ఒకడు మూలుగుచున్నప్పుడు 'వాని కర్మము' అన్నవానికి ఇటుకలు తొలగింపవలసిన పని లేదు. అన్నము వండి పెట్టవలసిన పని లేదు. అనాథయైన శిశువును ఇంటికి తెచ్చుకొనవలసిన పని లేదు. సిద్ధాంతము తెలిసిన క్షణమున కర్తవ్యము తొలగిపోయినది. ఏ తత్త్వము ఎదుటివాని యాపదయందు మనకు సెలవు ప్రసాదించునో, ఆ తత్త్వమును మనము గ్రహించిన విధమున ఏదో దోషమున్నదని తెలిసికొనవలెను.

మూడవది అహంకారము. ఇది సూక్ష్మమైనది. మృతుడు పాపము వలన మరణించెనన్నచో, బ్రతికినవాడు పుణ్యము వలన బ్రతికెనని అర్థము. పొరుగువాని శవముపై నిలిచి తన పుణ్యమును లెక్కించుకొనుటకన్న హీనమైన స్థితి వేరొకటి లేదు. నోటితో అట్లనువారు అరుదు. మనసులో అనుకొనకుండ నిలువగలవారు అంతకన్న అరుదు.

ఎవరి కర్మము?

కర్మగతిని తెలిసికొనుట పెద్దలకే దుష్కరము. ఏ జన్మమున ఏ కర్మము చేయుటచే ఏ ఫలము ఎప్పుడు ప్రాప్తించునో నిర్ణయింపగల దృష్టి సామాన్య గృహస్థునకు లేదు. లేని దృష్టిని ఉన్నట్లు నటించుట అసత్యము. మరియు, పూర్వజన్మమువరకు పోకముందే విచారింపవలసిన కర్మములు ఈ జన్మముననే, కన్నుల యెదుటనే పెక్కు గలవు.

రేవు ప్రక్కనను, రైలుయార్డు ప్రక్కనను నివసించువా రెవరు? బీదలు. పనిచోటికి దగ్గరగ నుండవలసినవారును, అద్దె ఎక్కువ ఈయలేనివారును. బాంబులకు లక్ష్యములు రేవులు, యార్డులు. అందుచే బాంబులు ఎక్కువగ వారి మీదనే పడినవి. పూర్వజన్మమున పాపులైనవారందరును ఏరికోరి రైలుయార్డు ప్రక్కనే జన్మించిరని నమ్మవలెనా? లేక, యుద్ధమును తలపెట్టిన వారి కర్మము, సామ్రాజ్యములను విస్తరింపగోరిన వారి కర్మము, కూలివానికి ఇరుకుగదియే చాలునన్న వారి కర్మము, అతనికి తల దాచుకొనుటకు కందకమైనను త్రవ్వింపనివారి కర్మము ఆ గుడిసెపై పడినదని చెప్పవలెనా? మృతుని కర్మమును వెదకుటలో నిమగ్నుడైనవాడు సజీవుల కర్మమును చూడలేడు. ఆ విధముగ ఒక పవిత్ర సిద్ధాంతము నేరము చేసినవారికి చాటుగ నిలుచుచున్నది.

బంగాళమున 1943 లో సంభవించిన క్షామము దీనికి వేరొక నిదర్శనము. యుద్ధమునకు పూర్వము బర్మా బియ్యము సముద్రము దాటి భారతదేశమునకు వచ్చెడిది. ఆక్రమణముతో ఆ రాకపోకలు నిలిచినవి. ఐరావతీ ముఖప్రాంతమున ధాన్యము కొనువారులేక రైతు కుమిలెను. కలకత్తా వీథులలో అన్నము లేక మనుష్యుడు ప్రాణము విడిచెను. బర్మా బియ్యము రాకపోవుట ఆ క్షామమునకు ఒక్క కారణము మాత్రమే. ధరల పెరుగుదల, ధాన్యమును దాచిన వర్తకుల లోభము, ప్రభుత్వపు ఉపేక్ష దానికి తోడైనవి. మరణించినవారు 20 లక్షలనుండి 30 లక్షల వరకని అంచనాలు చెప్పుచున్నవి. వీరందరిని 'వారి కర్మము' అను రెండు మాటలలో ముగించినచో, ధాన్యము దాచినవాని కర్మము, అధికారము కలిగియు ఉపేక్షించినవాని కర్మము ఏ లెక్కలో వ్రాయవలెను?

శాస్త్రము చూపు మార్గము

మహాభారతము చివర స్వర్గారోహణపర్వమున ఒక గొప్ప ఘట్టము కలదు. దేవదూత ధర్మరాజును అంధకారబంధురమై దుర్గంధభూయిష్ఠమైన మార్గమున తోడ్కొనిపోవును. ధర్మరాజు ఆ దుర్భర ప్రదేశమునుండి మరలనెంచును. అంతలో చుట్టును ఆర్తనాదములు వినబడును. ఆయన సన్నిధివలన తమకు చల్లగాలి సోకినట్లు ఉపశమనము కలుగుచున్నదనియు, క్షణకాలము నిలువుమనియు ఆ గొంతులు వేడును. ధర్మరాజు నిలిచెను. ఇచట గమనింపవలసినది యొకటి గలదు. ఆ గొంతులు తన సోదరులవియు ద్రౌపదివియు అని తెలిసికొనక పూర్వమే ఆయన నిలిచెను. వారెవరని తరువాత అడిగెను. నరకమున నున్నవారికన్న తమ కర్మఫలము ననుభవించుచున్నారని నిశ్చయముగ చెప్పదగినవా రెవరు? అచటకూడ ధర్మరాజు 'మీ కర్మము' అని పలుకలేదు. తన యునికి వారికి సుఖము నిచ్చుచున్నది గనుక తిరిగిపోనని దేవదూతకు చెప్పెను. అప్పుడే నరకము అంతర్ధానమైనది.

బౌద్ధుల వినయపిటకమునకూడ ఇట్టి గాథ యొకటి కలదు. అతిసార వ్యాధితో ఒక భిక్షువు తన మలములోనే పడియుండెను. ఇతర భిక్షువులు అతనిని చూచువారు కారు. కారణ మడుగగా, అతడు తమ కెన్నడును ఏ సాయమును చేయలేదు గనుక తామును చేయుటలేదనిరి. వారి లెక్క ప్రకారము అతడు తాను విత్తినదే కోయుచుండెను. బుద్ధభగవానుడు ఆ లెక్కను వినిపించుకొనలేదు. ఆనందుని నీరు తెమ్మని, తానే స్వయముగ ఆ రోగిని కడిగి, మంచముపై పరుండబెట్టెను. తనను సేవింపగోరువాడు రోగిని సేవించుగాకయని బోధించెను. కమ్మసిద్ధాంతమును బోధించిన ఆచార్యుడే పొరుగువాని విషయమున దానిని కొలతబద్దగ వాడలేదు.

ఇంతమాత్రమున కర్మసిద్ధాంతము వ్యర్థమని తలపరాదు. అది లేనిచో జగత్తు నీతిశూన్యమై, దుఃఖము అర్థహీనమగునని ఆస్తికుడు శంకించును. ఆ శంక న్యాయమైనదే. కాని దీపమును ఎవరు ఎచట పట్టుకొనవలెనన్నదే ప్రశ్న. కర్మవిచారము ఎవనికి వాడు తన పాదముల ముందు పట్టుకొనవలసిన దీపము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఏకాంతమున 'ఇది నా ప్రారబ్ధము' అని తలచి దుఃఖమును దిగమ్రింగవచ్చును. ఆ మాట ఆమెకు ధైర్యమైనచో అది ఆమె సొత్తు. ఆమె ఎదుట ఆ మాటను పలుకుటకు ఇతరుల కధికారము లేదు. తన గాయమునకు తాను కట్టుకొన్న కట్టు ఔషధము. ఇతరుడు ఆ గాయమున గ్రుచ్చిన వ్రేలు హింస.

అంతియే కాదు. గడచినదానిని వివరించుటకన్న జరుగవలసినదానిని నిర్దేశించుటయే కర్మసిద్ధాంతపు ముఖ్యప్రయోజనము. 'అతడేల ఇట్లు బాధపడుచున్నాడు?' అను ప్రశ్నకు సమాధానము మానవునకు అందదు. 'అతని బాధను చూచిన నేను ఇప్పుడేమి చేయవలెను?' అను ప్రశ్నకు సమాధానము ప్రతివానికిని అందును. ఈ రెండవ ప్రశ్నకు ఇచ్చు సమాధానమే చూచువాని కర్మము. పొరుగిల్లు కూలిన ఉదయమున అచట రెండు కర్మములు లేవు. పరీక్షకు వచ్చినది బ్రతికియున్నవాని కర్మము మాత్రమే.

అశక్తుని ధర్మము

ఆక్రాంత నగరమున గృహస్థుడు ఏమి చేయగలడు? యుద్ధమును ఆపలేడు. పాలకుని దించలేడు. విమానమును మరలింపలేడు. తన బిడ్డలకే పట్టెడన్నము పెట్టుట కష్టమైనపుడు పరోపకారమును బోధించుట క్రూరత్వము కాదా యని అడుగవచ్చును. శక్తికి మించిన ధర్మమును ఏ శాస్త్రమును విధింపదు. కాని శక్తి ఎంత తగ్గినను సున్న యగుట అరుదు. కందకమున మరియొకరికి చోటిచ్చుటకు శరీరమును కొంచెము ముడుచుకొన్న చాలును. ఆ చోటు కోరువాడు 1930 కల్లోలమున ఎదుటి పక్షమున నిలిచినవాడు కావచ్చును. బర్మీయుడు, తెలుగువాడు, మహమ్మదీయుడు ఎవరైనను కావచ్చును. ఉప్పు పిడికెడున్నవాడు దానిని పదిరెట్ల ధరకు అమ్మకుండుట ఒక ధర్మము. రక్షకభటుడు ప్రశ్నించినపుడు పాతపగను తీర్చుకొనుటకై పొరుగువాని పేరు చెప్పకుండుట గొప్ప ధర్మము. బంధువులు లేని శవమునకు అంత్యక్రియ జరిపించుట ధర్మము. వీనికి ధనము అక్కరలేదు. 'వారి కర్మము' అను మాటను నోటనే ఆపుకొనుట అక్కర.

రాజ్యముల మైత్రీవైరములు అస్థిరములని ఆ నగరమే నిరూపించినది. జపానుతో చేయి కలిపి ప్రవేశించిన బర్మా సైన్యము, ఆంగ్ సాన్ నాయకత్వమున 1945 మార్చి 27 న జపానుపైననే తిరుగబడెను. ఏప్రిల్ చివర జపాను సేన రంగూన్‌ను విడిచిపోయినది. పాత ప్రభుత్వము లేదు, క్రొత్త ప్రభుత్వము రాలేదు. దోపిడికిని, పగకును అంతకన్న అనువైన సమయము లేదు. అప్పుడు ఆజాద్ హింద్ ఫౌజులో మిగిలిన సుమారు 5 వేలమంది సైనికులు మేజర్ జనరల్ లోకనాథన్ ఆధ్వర్యమున నగరమున శాంతిని కాపాడుటకు పూనుకొనిరి. వారు ఎవరిపై పోరాడిరో ఆ బ్రిటిషు సేనయే మే 3 న ప్రవేశింపనున్నదనియు, వచ్చినంతనే తాము బందీలమగుదుమనియు వారెరుగుదురు. ఫలము తమకు రాదని తెలిసియు, ఎదుటనున్న పనిని చేసిరి. రాజకీయముగ వారిని గూర్చి ఎవరెట్లు తలచినను, ఆ కొలది దినముల కర్మము నిష్కామకర్మమునకు దగ్గరగ వచ్చినది.

అదే వారమున జరిగిన మరియొక సంఘటనతో ఈ విచారణను ముగింపవచ్చును. రంగూన్ చెరసాలలో మూడేండ్లు మ్రగ్గిన యుద్ధఖైదీలలో నడువగలవారిని సుమారు 400 మందిని జపాను సైనికులు పెగూ వైపు నడిపించుకొనిపోయిరి. ఏప్రిల్ 29 న పెగూ సమీపమున వారిని విడిచిపెట్టిరి. స్వేచ్ఛ లభించిన కొలది గంటలకే మిత్రపక్ష విమానములు వారిని శత్రువులని పొరబడి కాల్పులు జరిపినవి. ఖైదీలలో పెద్దయైన బ్రిగేడియర్ హాబ్సన్ మరణించెను. మూడేండ్ల చెరను సహించి, విముక్తి పొందిన దినముననే, తనవారి చేతనే! ఏ కర్మమునకు ఏ ఫలమని ఇచట లెక్క కట్టగల జ్ఞాని యెవడు? ఈ మరణము ఎదుట నిలిచినపుడు మానవునకు తగినది మౌనము.

ఆ మౌనము నిష్క్రియ కారాదు. ఇల్లు కూలిన ఉదయమున, బాధితుని కన్నులలోనికి చూచినవానికి చెప్పదగిన సిద్ధాంత మేదియు దొరకదు. దొరకనక్కరలేదు. అతని చేతికి ఒక చెంబెడు నీరిచ్చి, ప్రక్కన కూర్చుండి, అటుపిమ్మట లేచి ఇటుకలు తొలగింపవలెను. ధర్మరాజు నరకమున చేసినది అంతియే. కర్మసిద్ధాంతమును హృదయపూర్వకముగ నమ్మినవాడు చేయవలసినదియు అంతియే; ఏలయనగా, ఆ నీరు ఇచ్చుటయో మానుటయో కూడ ఒక కర్మమేయని అతడు మరువరాదు.